అనంతం దగ్గర సున్నా

ప్రొఫెసర్ అర్రియేతా బోర్డు మీద గీసే మనిషికి పేరుండదు.
ప్రతినిధి, అంటుంది ఆవిడ.
అతనికి పన్ను నొప్పి రాదు, అద్దె బాకీ ఉండదు,
చావు అసలే లేదు.
మొదటి రోజే స్థిమితంగా కూర్చుని
రాబోయే కాలమంతటికీ ఒకే లెక్క వేసుకుంటాడు:
ఈ పూట తినేదెంత, రేపటికి దాచేదెంత.

లా ప్లాతాలో ఆగస్టు. హీటరు పనిచెయ్యదు.
పదకొండు మందిమి కోట్లు విప్పకుండా
ఆ మహానుభావుడి దినచర్యని
నోట్సులోకి ఎక్కించుకుంటున్నాం.

రేపంటే ఎంత నమ్మకమో చెప్పే అక్షరం బీటా.
పుస్తకంలో అది ఒకటికి వెంట్రుకవాసి తక్కువ.
మా వీధి చివర కూరల కొట్టు ఒస్వాల్దోని అడిగితే
పలక మీద టమాటా ధరని తడి బొటనవేలితో చెరుపుతూ
"రేపా? రానీ చూద్దాం" అంటాడు.

రుఫినోది నా పక్క సీటు.
రాత్రిళ్ళు సూపర్ మార్కెట్లో ధరల చీటీలు మారుస్తాడు,
గోళ్ళ కింద ఎప్పుడూ జిగురే.
ఆ వారం పాఠం, ధరలు ఎందుకు నెమ్మదిగా కదులుతాయని.
మోడల్లో ప్రతి కొట్టూ లాటరీ తగిలేదాకా ఆగుతుందట,
తగిలిన రోజే ధర మార్చుకుంటుందట.
రుఫినో నవ్వాపుకోలేక బల్ల కిందికి వంగాడు.
"మాకు రోజూ తగుల్తోంది మేడమ్."
ఆవిడా నవ్వింది. సుద్దముక్క పక్కన పెట్టి
"మీ వయసులో నేను
జీతం అందిన గంటలో నూనె సీసాలు కొనేదాన్ని,
ఒకసారి ఏమైందంటే" అని
ఎందుకో ఆగి, మళ్ళీ బోర్డు వైపు తిరిగింది.
నోట్సులో అక్కడ రెండు గీతలు ఖాళీ వదిలాను.

ఈ ఊరిని స్కేలు పెట్టి గీశారు.
చదరాల మీదుగా ఏటవాలు వీధులు.
కొత్తవాళ్ళు తప్పిపోతారు,
ఇక్కడే పుట్టినవాళ్ళం, తాగితే, మేమూ తప్పిపోతాం.
ఫేజ్ డయాగ్రం గీసిన రోజు నాకు ఊరే కనబడింది.
బాణాలన్నీ తలోవైపు కొట్టుకుపోతుంటే
నడుమ ఒక్కటే సన్నని దారి.
అది తప్పితే ఇటు ఖాళీ గాదె,
అటు ఎవరూ తినని కుప్ప.
"ఆ దారి మీదికి మనల్ని ఎవరు చేరుస్తారు?" అడిగాను.
"మనమే గెంతుతాం. మొదటి క్షణంలోనే.
గెంతడానికి ఖర్చు లేదు" అంది.

నెలీదా అత్త మే నెలలో పోయింది.
యాభై ఏళ్ళు ఇతరుల బట్టలు కుట్టిన మనిషి.
ఆవిడ చలికోటు భుజాల దూది విప్పితే
మూడు వందల నలభై డాలర్లు.
పాత నోట్లు. మారకం వాడు వెలుతురుకెత్తి
"బొమ్మలో తల చిన్నది" అని పదో వంతు కోసేశాడు.
రెండో భుజంలో ఇంకో కట్ట, ఆస్త్రాల్ నోట్లు.
ఆ డబ్బు చచ్చి నా వయసు కంటే ఎక్కువే అయింది.
మళ్ళీ చెల్లుతాయనుకుందో, మరిచిపోయిందో,
కుట్టు విప్పే ఓపికే లేకపోయిందో.

పరీక్షలో మూడో ప్రశ్న:
ట్రాన్స్‌వర్సాలిటీ షరతును రాసి వివరించుము.
రాశాను. అనంతం దగ్గరికి వెళ్ళేసరికి
చేతిలో విలువైనదేదీ మిగలకూడదు.
మిగిలిందంటే
దారిలో ఎక్కడో ఒక పూట తక్కువ తిన్నట్టు.

ఆ వాక్యం దగ్గర పెన్ను కదల్లేదు.
ఆదివారం మధ్యాహ్నాలు, రవియోలీ పళ్ళెం,
సూది గుచ్చుళ్ళతో గరుకెక్కిన వేళ్ళు
దాన్ని నా వైపు జరపడం.
"నాకిప్పుడు ఆకలి లేదురా, నువ్వు కానీ."

పదికి ఏడొచ్చింది.
మార్జిన్‌లో ఎర్ర సిరా: వివరణ బాగుంది. డెరివేషన్ ఏది?

కోటు ఇప్పుడు నేనే వేసుకుంటున్నాను.
ఒక భుజం జారింది.
రెండోదాంట్లో ఆస్త్రాల్ కట్ట మళ్ళీ పెట్టి
వచ్చీ రాని కుట్లతో మూసేశాను.