ముడి

గిప్స్‌లాండ్ కొండల మీద అడవి
మూడు రోజులుగా కాలుతోంది.
ఫుట్‌బాల్ క్లబ్ హాల్లో నా బల్ల ముందు
నోరీన్ కట్టుబట్టలతో నిలబడింది.
ఒక కాలికి చెప్పు,
రెండో కాలికి మసి.

పక్కన డార్సీ, తొమ్మిదేళ్లు.
చేతిలో నల్లటి చెత్తసంచి, బిగించి ముడి.
వాడికి ఆమెది ఆరో ఇల్లు.
నిన్నటిదాకా.

"పదకొండు నెలలు! ఒక్క చొక్కా అయినా
అల్మరాలో పెట్టలేదు వీడు.
బతిమాలాను, కసిరాను కూడా.
సంచి మంచం కిందే ఉండేది.
నిన్న రాత్రి మా వీధి మొత్తంలో
సిద్ధంగా ఉన్నది వీడొక్కడే."
నవ్వబోయి దగ్గింది.

ఫారంలో ఒక గడి:
సంరక్షకురాలికి నివాసం ఉందా?
లేదని రాస్తే ఏమవుతుందో
నాకంటే ముందు వాడికి తెలుసు.
చెయ్యి ముడి మీదికి పోయింది.

పెన్ను మూత పెట్టేశాను.
టీ తెస్తానని లేచి,
వంటగదిలో ఫోన్ పట్టుకుని
పై ఆఫీసుతో చాలాసేపు గొడవపడ్డాను.
చూస్తాం అన్నారు.

టీ చల్లారింది. తిరిగి వచ్చేసరికి
సంచి విప్పి ఉంది.
నేల మీద రెండు నిక్కర్లు, తోక విరిగిన డైనోసార్,
ఎవరిదో ఫోటో.
నోరీన్ మసి కాలికి
తన సాక్సు తొడుగుతున్నాడు డార్సీ.
మడమ దగ్గరే ఆగిపోయింది.
లాగుతున్నాడు.