మోచేతి కొలత

ముషీరాబాద్ కట్టె అడితిల దొరికింది తలుపు.
ఎక్కడనో దవాఖాన కూలగొడితే వచ్చిందట.
నీలం రంగు మీద తెల్ల అంకె, ఏడు.
దాని కింద సగం చెరిగిన రాత:
"ఒక్కొక్కరే లోపలికి..."
పన్నెండొందలన్నడు. వెయ్యికి దిగిండు.
సీతాఫల్మండి దాకా ట్రాలీ ఆటోకి ఇంకో మూడొందలు.

మెట్ల మలుపుల ఇరుక్కుంది.
కిందింటి పోశెట్టి బనీను మీదనే బయటికొచ్చి
"ఏంది తల్లీ, కొత్త తలుపు నిలబెడుతున్నవా?" అంటే
"లేదన్నా, పండబెడుతున్న" అన్న.
ఆయనకి సమజ్ కాలే.

ఇన్నేండ్లూ విరిగిన పీట మీదనే పెట్టిన టంకం.
వంటింట్ల, నేల మీద, మోకాళ్ళు మడిచి,
మిక్సీ వైరు పీకి ఆ ప్లగ్గుల నాది పెట్టి.
రజనం పొగకి పక్కింటోళ్ళు
శుక్రవారం కాకున్నా సాంబ్రాణి వేస్తున్నదనుకునేటోళ్ళు.
నేనూ కాదనలే.
డయోడు కిందపడితే
పోపుగింజలల్ల ఏరుకున్న రోజులున్నయి.

విరూపాక్షాచారి టేపు గుంజి అడిగిండు,
"ఎత్తు? ముప్పై పెట్టనా? అందరికీ ముప్పయ్యే."
నేను నిలబడి, చెయ్యి మడిచి చూపించిన.
ఇక్కడికి.
ఆయన నేలకి టేపు ఆనించి, నా మొఖం చూడకుండ,
తలుపు మీదనే పెన్సిలుతో రాసుకున్నడు:
ముప్పై ఎనిమిదిన్నర.

వంటింటి గట్టు ఎవరి నడుముకి కట్టిన్రో తెలవదు,
నాకు మాత్రం రోజూ రెండంగుళాల నొప్పి.
స్టేషన్ల టికెట్ కిటికీ కాడ స్టూలు
నాకంటే ముందు కూసున్న సారు కాళ్ళ పొడుగుకి;
పద్నాలుగేండ్ల నుంచి నా పాదాలు గాలిలనే ఉన్నయి.
నా కొలతకని ఇప్పటిదాకా కుట్టినవి జాకెట్లే.

పాత కూలర్ పక్కరేకు గోడకి బిగించిన.
దాని చీలికలల్ల కొక్కేలు,
కట్టరు, పట్టుకారు, స్క్రూడ్రైవర్లు,
మీటరు మెడకి పురికొస.
హోమియో సీసాలల్ల రెసిస్టర్లు.
కోఠి గుజరాతీ గల్లీల ఖైసర్ భాయ్ వాటిని
టేపుతోనే మూరలెక్కన కోసిస్తడు, మల్లెపూల లెక్క;
కొసరు ఓ నాలుగెక్కువే.
తాళంచెవి కన్నంల నుంచి కిందికి దూరింది
టంకం కడ్డీ తీగ.
లోపలున్నోళ్ళకి ఏమైందోనని
బయటోళ్ళు ఒంటికన్ను పెట్టి చూసిన కన్నం.

అయినా కుంటింది.
వాన నీళ్ళకని బాల్కనీ తూము దిక్కు వాలి ఉంటది,
అది మరిచినం ఇద్దరం.
చారి చెక్కపేడు కొడతనన్నడు. వద్దన్న.
కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మరు రేకులు ఊడదీసి
కాలు కింద ఒక్కొక్కటే దోపిన.
పదకొండో రేకుకి కుదిరింది.
గుప్పిటతో బల్లని రెండుసార్లు కొట్టిన,
లోపలికి రావచ్చునా అన్నట్టు.

మొదటి పని నల్లాది.
మా గల్లీకి రోజు విడిచి రోజు నీళ్ళు,
మూడున్నరకో, అయిదుకో, వాటి ఇష్టం.
రెండు తీగలు, ఒక ట్రాన్సిస్టరు,
చెడిపోయిన అలారం గడియారంల నుంచి పీకిన బజరు.
తీగలు పైపు మూతిల. బజరు దిండు కాడ.

డ్యూటీ దిగొచ్చి పండుకున్న రాత్రి
నాలుగూ ఇరవైకి మోగింది.
బిందెతోని ఉరికిన.
ముందు గాలి, ముసలోని దగ్గు లెక్క.
ఎర్రగ తుప్పు నీళ్ళు చెంబెడు. మళ్ళ గాలి.
అంతే.
"ఏం మోగింది తల్లీ?" కింది నుంచి పోశెట్టి.
"ఏం లేదన్నా, నీళ్ళు రాలేదని మోగింది."

ఖాళీ బిందె పక్కన పెట్టి లైటేసిన.
ఇంకో కెపాసిటరు పడాలె.
చెంబెడు నీళ్ళకే నమ్మొద్దని,
కొంచెం సేపు చూసి అప్పుడు అరవమని
దానికి నేర్పాలె.
ఏ సీసాల ఉన్నయో చూడకుండనే చెయ్యి పోయింది.
నిలబడే ఉన్న.
నడుము వంగలే.