రైలుపట్టా ముక్క

మైకు నా చేతికిచ్చి
"మూడు నిమిషాలే" అన్నది సిస్టర్ ఎలిస్వా.
ఆ ముగ్గురి కొలువూ కలిపితే నూట ఒక్క ఏళ్లు.
ఎట్టా సర్దను?
రాసుకొచ్చిన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నా.
గుర్తొచ్చిందే చెబుతా, తప్పులుంటే మన్నించండి.

ముందు శౌరమ్మ ఆయా.
ఎవరన్నా లెమ్మంటారేమోనని
కుర్చీ అంచున సగమే కూర్చున్నది, చూడండి.
కర్రలకు పొగాకు అల్లే రోజుల్లో
మా మూడో తరగతిలో పదిమందిమి మాయమయ్యేవాళ్లం.
సాయంత్రం గదులన్నీ ఊడ్చి, తాళాలేసి,
కందుకూరు చుట్టూ ఉన్న బ్యారన్లన్నీ తిరిగేది.
తిట్టేది కాదు. బతిమాలేదీ కాదు.
మా అమ్మ పక్కన చతికిలబడి
తనూ నాలుగు కర్రలు అల్లి
"పిల్లోడి పని నేను చేశా గదా,
రేపు పంపు" అని లేచేది.
ఆ పిల్లోణ్ణి నేనే.
మర్నాడు నా పలక మీద పొగాకు బంక,
నాకు నీళ్లందించిన గ్లాసు మీదా అదే బంక.

లెక్కల కాలేషా మాస్టారు
ప్రతి శుక్రవారం కావాలని బోర్డు మీద ఒక తప్పు చేసేవారు.
పట్టుకున్నవాళ్లకు జేబులోంచి వేరుశనగ ఉండ.
రంజాను ఉపవాసంలోనూ ఆ జేబు ఖాళీగా ఉండేది కాదు.
బెల్లం వాసన పీలుస్తూ
దప్పికను నవ్వుతో మింగేవారు.
ఈ మధ్య సోమవారాలూ తప్పులొస్తున్నాయి,
బుధవారాలూ వస్తున్నాయి.
కంట్లో పొర అని స్టాఫు రూములో మాకు తెలుసు.
పిల్లలకు తెలియదు,
వాళ్లకు వారమంతా ఉండలే.
సారూ, ఆపరేషను చేయించుకోండి,
కానీ ఆ తప్పులు మానకండి.

ఇక మాలకొండయ్య.
కొలువులో చేరిన ఏడు, సింగరాయకొండ పాతినుము కొట్లో
రైలుపట్టా ముక్క కొని
సైకిలు వెనక కట్టుకొని తొక్కుకుంటూ వచ్చాడట.
వేపచెట్టుకు వేలాడే ఆ ముక్కే మన గంట.
చేతికి గడియారం లేదు.
మరియమ్మ గవి ముందున్న జెండా కర్ర నీడే
అతని ముల్లు.
నెలకో శనివారం నరసింహస్వామి కోసం కొండెక్కేవాడు.
ఆ రోజు సైన్సు సారు గంట కొడితే
ఒక్క పిల్లా కదిలేది కాదు,
అది గంట కాదు, ఇనప చప్పుడు.
పన్నెండింటికి త్రికాల జపం గంట కొట్టేటప్పుడు మాత్రం
నామం చెరిపేవాడు కాదు,
తలగుడ్డ తీసి చంకలో పెట్టుకునేవాడు.
"ఎవరి తల్లైతే ఏందయ్యా,
అమ్మను పిలిచేటప్పుడు తలగుడ్డ ఉంచుకుంటామా!"

ఇంకేం చెప్పబోయానో…
వేదిక మీద కుర్చీ కిర్రుమన్నది.
మెడలో బంతిపూల దండ, భుజాన కొత్త శాలువా,
మాలకొండయ్య లేచాడు.
మాట్లాడతాడని చప్పట్లు కొట్టారు.
విచారణ గురువు ఫాదర్ బాలశౌరి పక్కకు జరిగి దారిచ్చారు.
అతను మైకు వైపు రాలేదు.
మెట్లు దిగాడు, ఎండలోకి నడిచాడు.
అప్పుడు చూశాం అందరం,
నీడ జెండా కర్ర మొదట్లో ముద్దయి ఉంది.

ఠంగ్.
శాలువా జారి దుమ్ములో పడింది.
ఠంగ్.
ఐదొందల మంది పిల్లలు ఒక్కసారిగా లేచారు.
శౌరమ్మ సిలువ గుర్తు వేసుకుంది,
కాలేషా మాస్టారు చేతులు కట్టుకొని నిలబడ్డారు.
గాలి కూడా మంగళవార్త జపం అయ్యేదాకా ఆగినట్టుంది.

ఆపైన ఎవడాగుతాడు?
అది అన్నం గంట కూడానాయె!
పళ్లేల మోతలో సన్మానం కొట్టుకుపోయింది.
శౌరమ్మ అప్పుడే కుళాయిల దగ్గర
"చేతులు, చేతులు" అని అరుస్తోంది,
ఇప్పుడు నిండుగా నిలబడి.
సిస్టర్ ఎలిస్వా నవ్వాపుకోలేక
జపమాలతోనే కళ్లు తుడుచుకుంటోంది.

శాలువా దులిపి అతని భుజానేశాను.
"పెద్దాయనా, నీ గురించి సగమే చెప్పాను గదా" అన్నాను.
తలగుడ్డ చుట్టుకుంటూ అన్నాడు:
"నువ్వు ఆపేదాకా ఉంటే
అన్నం చల్లారిపోద్ది గదయ్యా."