కళ్లు లేని నాగ

మా అన్న దిమసంగ్కాయ్
పనస చెక్క మీద మొదటి గీత గీసేటప్పుడు
బిస్మిల్లా అంటాడు.
ఆ గీత పామై వంకర తిరిగేటప్పుడు
ఏమీ అనడు.
కింది పెదవి లోపలికి మడిచి
ఊపిరి బిగబట్టి ఉంటాడు.
అప్పుడు పలకరిస్తే ఉలి జారుతుందని
తుగాయా పిల్లలందరికీ తెలుసు.

నాగ అంటాం దాన్ని.
ఎక్కడి మాటో, ఏ పడవ దించిపోయిందో
మా ఇంట్లో ఎవరూ అడగలేదు.
లనావో సరస్సు అడుగున పడుకుని ఉంటుందనీ
అది పక్కకు ఒత్తిగిలితే భూమి కదుల్తుందనీ
తాత చెప్పేవాడు,
మగ్రిబ్ నమాజుకి వజూ చేసుకుంటూనే,
మోచేతుల మీంచి నీళ్లు కారుతుండగానే.

తాత పెట్టిన చట్టం ఒక్కటే:
తల చెక్కు, కన్ను చెక్కకు.
కన్ను పెడితే అది చూస్తుంది,
చూసేదానికి ప్రాణం కావాలి,
ప్రాణం పోయడం మన పని కాదు.
అందుకని కన్ను ఉండాల్సిన చోట
పాకో చివురు పెట్టాడు.
వాగు గట్టున చుట్టచుట్టుకుని మొలుస్తుంది,
కొబ్బరిపాలలో వండుకుంటాం,
ఆ చివురు.
కోరల చోట రెండు ఆకులు,
తోక చోట తీగ,
తీగకో మొగ్గ, మొగ్గలోంచి ఇంకో తీగ,
ఎవరూ ఆపకపోతే
మసీదు దాకా పాకేలా.

పాకింది కూడా.
కైరోలో చదివొచ్చిన కొత్త ఉస్తాద్
ఒకరోజు మా దూలం కొస ముందు ఆగాడు.
"ఇది పామా?"
"ఆకు," అన్నాడు అన్న.
"మరి ఇది?"
"ఆకు."
"ఈ నోరు?"
"విచ్చుకున్న ఆకు."
ఉస్తాద్ చాలాసేపు చూశాడు.
ఆయన పుట్టిన ఇంటికీ ఇలాంటి దూలమే ఉండేదని
మాకు తెలుసు.
మాకు తెలుసని ఆయనకీ తెలుసు.
"మంచి ఆకు," అన్నాడు.
పోతూ పోతూ
మింబర్ మెట్లకి కొలతలిచ్చి పోయాడు.

నేను ఉలి పట్టలేదు.
మగవాళ్ల ఓకిర్ చెక్కలో, ఆడవాళ్లది దారంలో
అని ఎవరో ఎప్పుడో పంపకాలు చేసేశారు.
నా వాటాకి వచ్చింది
నాలుగు వేళ్ల వెడల్పు లంగ్‌కిత్ పట్టీ,
మలోంగ్ అతుకు కనబడకుండా కుట్టేది.
దారం ముక్కుసూటి మనిషి, వంపు తిరగమంటే తిరగదు.
అందుకే నా నాగ
మెట్లు దిగినట్టు నడుస్తుంది.
నీ పాముకి నడుం విరిగిందంటాడు అన్న.
నీ పాముని ఎవరూ ఒంటికి చుట్టుకోలేరంటాను నేను.
ముప్పై ఏళ్లుగా ఇదే మాట,
ఇదే నవ్వు.

మొన్న మనీలా నుంచి ఒకావిడ వచ్చింది
చేతిలో నోటు పుస్తకంతో.
పెళ్లి పెట్టె మూత మీద
ముత్యపుచిప్ప పొదిగిన తీగలన్నీ వేలితో తడిమింది.
"ఇందులో ఇస్లాం ఎంత?
అంతకుముందు నుంచీ ఉన్నది ఎంత?"
అన్న ఉలి పిడితో బుర్ర గోక్కున్నాడు.
నా వైపు చూశాడు.
"విడివిడిగా అమ్మం," అన్నాను.
ఆవిడ నవ్వింది, రాసుకుంది,
తర్వాత కూర్చుని గంటసేపు బేరమాడింది,
చేపల సంతలో బేరమాడినట్టు.

సాయంత్రం పెట్టె పడవెక్కింది.
నేల నిండా చెక్క పొట్టు,
ఉంగరాలు ఉంగరాలుగా, పసుప్పచ్చగా,
పాకో చివుళ్లు ఎవరో బుట్టతో కుమ్మరించినట్టు.
చీపురు తెచ్చాను.
అన్న కూతురు నోర్‌హనీఫా మోకాళ్ల మీద కూలబడి
ఒక చుట్ట ఏరుకుంది, ఊదింది,
ముఖానికి దగ్గరగా పెట్టుకుంది.

"అత్తా, దీనికి కన్నుంది."

ఆ సున్నాలోంచి
రెప్ప వెయ్యకుండా
నన్నే చూస్తోంది.

చీపురు గోడకి ఆనించాను.