నాలుగో తెడ్డు

ఊరి పేరు హే.
వెనక నుంచి ఎవరో పిలిచినట్టుంటుంది.
ఆ పిలుపుకి పలికిన పదకొండుమందిమి
తెల్లారకముందే రేవులో నిలబడ్డాం,
ఇంకా రాని ఎండకి ముక్కుల నిండా క్రీము పూసుకుని.

గైడు మెరిలిన్
ఒకప్పుడు గొర్రెల ఉన్ని కత్తిరించే పాకల్లో వంటమనిషి.
గొంతు ఇప్పటికీ యాభైమందికి సరిపోతుంది.
"నూట తొంభై ఏళ్ళ కింద, ఈ ఏట్లోనే,
ఒక కెప్టెనూ ఒక పడవా..." అంటూ
తడవకుండా ప్లాస్టిక్ తొడిగిన కార్డులు పంచింది.
ఎవరి కార్డులో ఎవరుంటే
తొమ్మిది రోజులూ వాళ్ళమే మనం.

రిటైరైన పోస్ట్‌మాన్ డెస్మండ్‌కి కెప్టెన్ తగిలాడు.
వెంటనే టోపీ సర్దుకున్నాడు.
గ్లెనిస్‌కి వడ్రంగి.
నాకు:
'నాలుగో తెడ్డు. ఖైదీ. గొర్రె దొంగతనం.
ఏడేళ్ళ శిక్ష.'
పేరుండాల్సిన చోట ఒక గీత.

మర్రంబిడ్జీ
పాలు తక్కువైన టీ రంగు నది.
తిన్నగా నడవడం దానికి చేతకాదు.
ఎడమ చెంప కాలుస్తున్న ఎండ
ఇరవై తెడ్లు వేసేలోగా కుడి చెంపకొస్తుంది.
ఒడ్డున ఎర్ర గమ్ చెట్లు
ఏ ఏటి వరద ఎంతవరకొచ్చిందో
మొదళ్ళ మీద చారలు చూపిస్తాయి.
పైన తెల్ల కాకటూలు,
బేరం తెగని సంతలా.

మూడో రాత్రి మా మంట దగ్గరికి
క్లారీ అనే పెద్దాయన టీకి వచ్చాడు.
ఆయనవాళ్ళు ఇక్కడ
పడవ అనే మాటకంటే పాతవాళ్ళు.
మెరిలిన్ డైరీ తెరిచి చదివింది:
'ఈ రోజు, మనిషి కన్ను పడని మలుపు చూశాం.'
క్లారీ బిస్కెట్టు టీలో ముంచి,
అది విరిగిపోకుండా జాగ్రత్తగా తీసి,
"ఆ మలుపులోనే మా ముత్తవ్వ వల వేసేది.
చేపలన్నీ బెదరగొట్టారని తిట్టుకునుంటుంది" అన్నాడు.
ఎవరికీ నవ్వాలో లేదో తెలియలేదు.
ముందు ఆయనే నవ్వాడు.

తొమ్మిదో రోజు, బాల్రనాల్డ్ వంతెన కింద,
యాత్ర అయిపోయింది.
సర్టిఫికెట్లు, కేకు, ఒడ్డున ఏసీ బస్సు.
"మరి తిరుగు ప్రయాణం?" అన్నాను.
"వాళ్ళు వచ్చింది కూడా ఈ నీళ్ళ మీదే కదా,
పిండి నిండుకుని,
తెడ్డు పట్టుకునే నిద్రపోతూ..."
"అది ప్యాకేజీలో లేదమ్మా.
ఇన్సూరెన్స్ ఒప్పుకోదు."

ఏటికి ఎదురీదడం.
ఎంత సులువుగా వాడేశాను ఆ మాటని!
ఉద్యోగం మానేసిన స్నేహితురాలికి,
అప్పు తీర్చేసిన బావకి,
ఒకసారి ఆఫీసు పార్టీలో నాకే.
ఒంటి మీద చుక్క నీరు పడకుండా.

గ్లెనిస్ నన్ను చూసింది.
డెస్మండ్ కెప్టెన్ టోపీ తీసి బెంచీ మీద పెట్టి
ఐదో తెడ్డు అందుకున్నాడు.
మెరిలిన్ అటు తిరిగి సిగరెట్ వెలిగించింది.
అంత నెమ్మదిగా కాలే సిగరెట్
నేనెప్పుడూ చూడలేదు.

ఒడ్డున ఒక కొమ్మకి ఎవరో పిల్లలు కట్టిన టైరు.
వేశాం. టైరు పక్కనే.
వేశాం. టైరు పక్కనే.
ఒక్క ఊపిరి ఆగామో లేదో
అదే మమ్మల్ని దాటి ఎగువకి పోయింది.
అరచెయ్యి చిట్లిన చోట
చెక్కకి నా తడి అంటింది.
జేబులో కార్డు గుచ్చుకుంటోంది.
ఆ గొర్రె ఎంతుండేదో,
ఎన్ని పూటలకి వచ్చేదో.

బస్సు
తొమ్మిది రోజుల్ని గంటన్నరలో చుట్టేసింది.
కిటికీలోంచి నది కనపడనే లేదు,
దూరంగా చెట్ల వరస తప్ప.

సోమవారం వాగాలో, డయాలసిస్ వార్డులో,
మూడో కుర్చీ నెవిల్
సూది గుచ్చుతున్న నా చేతుల్లో
గ్లవ్స్ కింద కట్టు గమనించి, ఏమైందన్నాడు.
"గొర్రెని దొంగిలించాను."
ఆయన నవ్వలేదు.
గొట్టంలో ఎర్రగా ఎక్కి వస్తున్న తన నెత్తురు చూసుకుంటూ
"ఎన్నేళ్ళు వేశారు?" అన్నాడు.