కింది చలి

పోయిన డిసెంబర్లో అనంతగిరిలో
రెండు చెట్ల మధ్య ఉయ్యాల్లో
దుప్పటి మీద దుప్పటి కప్పుకున్నా
వీపు ఒక్కటే తెల్లవార్లూ వణికింది.
చలి కిందనుంచి వస్తుందని ఎవరూ చెప్పలేదు.

ఇవాళ రాణిగంజ్‌లో, టార్పాలిన్ల వాసనలో
ముష్తాక్ భాయ్ ముందు కూర్చుని
గాలిపరుపులు ఊదుతున్నాను.
మొదటిది సన్నం,
ఉయ్యాల ఒంపులో చేపలా జారిపోయే రకం.
రెండోది భుజాల దగ్గర రెక్కలు విప్పింది,
ధర కూడా విప్పింది.
మూడోది పక్కకి తిరిగితే చాలు
చిప్స్ ప్యాకెట్‌లా కరకరమంటుంది.
"అడవిల నక్కలకు నిద్ర పట్టదు సార్" అన్నాడు.

షట్టర్ కొక్కేనికీ కరెంటు స్తంభానికీ
ఉయ్యాల కట్టి, రెక్కలది పరిచాడు.
"నిండా ఊదకుండ్రి. నిండితే మనిషినే తోసేస్తది."
సగం వదిలేశాను.
పడుకున్నాను, నా ఊపిరి మీద నేనే.
హమాలీ ఒకాయన నెత్తిన బస్తాతోనే ఆగి
"ఎట్లుంది?" అని అడిగాడు.
కుడిభుజం కింద కొంచెం చల్లగా ఉందన్నాను.
ఆయన బస్తా సర్దుకుని వెళ్ళిపోయాడు.

మూడొందలు తగ్గించి ఇచ్చాడు గానీ
గాలి తియ్యడం ఇద్దరం మరిచాం.
అల్వాల్ బస్సులో నా పక్క సీట్లో
అది ఒరిగి కూర్చుంది.
కండక్టరమ్మ దానికీ టికెట్ అడిగింది.
సగమే ఊదాను, అర టికెట్ ఇవ్వమన్నాను.
ఆమె నవ్వలేదు.