బండికి కొమ్ములు

పర్లాకిమిడిలో కొమ్ముని కోసి, కాచి, వంచి
కొంగలు చేస్తారు, రొయ్యలు చేస్తారు.
నా పికప్పుకి మాత్రం ఖగేశ్వర మహారణా
రెండంగుళాల ఇనప గొట్టంతో
కొమ్ములే చేశాడు.

నిరుడు వానల్లో సెరంగో ఘాటీ దిగుతుంటే
పులికంప కొమ్మొకటి వాలి
ఎడమ హెడ్‌లైటుని కోడిగుడ్డులా చిదిపేసింది.
ఒంటికన్నుతో ఏడు మలుపులు.
వెనక తొంభై పనసకాయలు ఒకదాన్నొకటి తోసుకుంటూ,
వాటి మీద మా క్లీనరు సుకురు గొమాంగో
సవర భాషలో ఎవర్నో తిడుతూ.
కింద దిగాక అడిగాను, ఎవర్నిరా అని.
కొండని కాదంట, కొమ్మని కాదంట.
లైటునంట. అంత మెత్తగా ఎందుకు పుట్టిందని.

ఆ నెల కిస్తీ ఎగ్గొట్టి షెడ్డుకెళ్ళాను.
ఖగేశ్వర్ సుద్దముక్కతో బండి మూతి మీద గీతలు గీసి
రెండడుగులు వెనక్కి జరిగి
పెళ్ళిచూపుల్లోలా చూశాడు.
నిలువు గొట్టాలు రెండు, అడ్డం మూడు,
చలిమంచుకి పసుప్పచ్చ దీపాలు,
మిడతలు దూరకుండా రేడియేటరు ముందు కోళ్ళగూటి జాలీ,
బురదలో దిగితే లాగడానికి కొక్కెం.
"వెల్డింగు పెట్టేయ్, జన్మలో ఊడకూడదు" అన్నాను.
ముసుగద్దం పైకెత్తి నవ్వాడు.
"బోల్టులే బాబూ. నాలుగు.
పాతపట్నంలో కొత్త బ్రేకు సారొచ్చాడు,
తియ్యి అంటాడు. తియ్యాలి కదా?"

మొదటి రాత్రి ఘాటీ ఎక్కుతుంటే
కొమ్మలు గొట్టాల మీద
పళ్ళెం మీద గరిటెలా మోగాయి.
పదో మలుపులో ఒక అడవిపంది
పచ్చదీపాల్లో నిలబడి, మా కొమ్ములు చూసి,
తన కోరలు గుర్తుకొచ్చి కాబోలు,
మర్యాదగా పక్కకి తప్పుకుంది.
సుకురు దానికి దణ్ణం పెట్టాడు. నేను హారన్ కొట్టలేదు.

పగలు కథ వేరు.
వంతెనకి ఇవతల అప్పలనర్సమ్మ టీ బడ్డీ దగ్గర
పద్దెనిమిదో నంబరు పానాతో
నాలుగు బోల్టులు, రెండు వైర్లు, ఒక టీ.
అవతలికి పోయేది
కళ్ళద్దాలు తీసిన మాస్టారి మొహమేసుకున్న బండి.
ఇటు "ఆగ్యా" అన్న నోరే అటు "సార్" అంటుంది.
నా నాలుక్కీ బోల్టులే, వెల్డింగు లేదు.
సరుకు దింపి వచ్చాక
మళ్ళీ నాలుగు బోల్టులు, మళ్ళీ టీ.

నేను అటున్నంతసేపు
బడ్డీ వెనక ఆ కొమ్ముల మీద
నర్సమ్మ తువ్వాళ్ళు ఆరేది,
ఆవిడ పెట్ట ఎక్కి కూచునేది.
దీపాల మీద రెట్ట వేసిందని
ఓసారి రూపాయి తక్కువిచ్చాను టీకి.
ఆ రూపాయి ఇప్పటికీ అడుగుతుంది.

శ్రావణంలో గేరుబాక్సు పోయింది.
టెక్కలి షెడ్డులో పదకొండు రోజులు
కొబ్బరిమట్ట కింద పడుకున్నాను.
తిరిగొచ్చి బడ్డీ వెనక్కి వెళితే
చిక్కుడు తీగ.
గుంజ వదిలి గొట్టం పట్టింది,
అడ్డం మూడూ అల్లేసి
ఎడమ దీపం మెడ చుట్టూ రెండు చుట్లు,
చివర ఊదారంగు మొగ్గ, వడ్లగింజంత.

"నాను పాకించనేదు బాబూ, అదే పోయింది"
అంటూ నర్సమ్మ కొడవలి తెచ్చింది.
"కోసీమంటావేటి?"
పానా నా చేతిలో ఉంది.
సుకురు టీ గ్లాసులోకి చూస్తున్నాడు.
పెట్ట మాత్రం సూటిగా నన్నే చూస్తోంది.

"ఈ పాలికి ఉండనీ" అన్నాను.
"టీ ఎంత?"
"పాత రూపాయితో కలిపా?"

ఆ రాత్రి బోడి మూతితోనే ఘాటీ ఎక్కాం.
సుకురు ఎడమ కిటికీలోంచి నడుం దాకా బయటికి వాలి
వెదురు కర్రతో
వచ్చే ప్రతి కొమ్మనీ పలకరించి పక్కకి నెట్టాడు,
ఈసారి తిట్టకుండా.

కాయలెప్పుడొస్తాయో అడగడం మరిచాను.
డాష్‌బోర్డు గూట్లో నాలుగు బోల్టులు
మలుపు మలుపుకీ
అటోసారి, ఇటోసారి.